బ్యాగు మీద పేరు చదివారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం రక్తం ఎక్కించడం గురించే. గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ, బరంపురం, జయపురం, అన్నీ మన ఒడిశా సరిహద్దు వైపు నుంచే. మనవాళ్లకు జబ్బు చేస్తే ఒకసారి ఇక్కడి ఆసుపత్రి, ఇంకోసారి శ్రీకాకుళమో విశాఖపట్నమో. అలా అటూ ఇటూ తిరిగేవాళ్లకు రక్తం విషయంలో కొన్ని ప్రత్యేకమైన చిక్కులు వస్తాయి, వాటి గురించి చెప్పేవాళ్లు తక్కువ. నేను చాలా ఏళ్లు బ్లడ్ బ్యాంకులోనే పనిచేశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మా బాబుకి 11 ఏళ్లు, సికిల్ సెల్ జబ్బు. ఇప్పటికి ఆరేడుసార్లు రక్తం ఎక్కించారు. మొన్న ఎక్కించిన రోజు అంతా బాగానే ఉంది, ఇంటికి తెచ్చుకున్నాం. వారం తిరక్కుండానే కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం డికాషన్ రంగులో వచ్చింది, జ్వరం, నడుం నొప్పి. హిమోగ్లోబిన్ చూస్తే ఎక్కించక ముందు ఉన్నదానికంటే ఇంకా పడిపోయింది. విశాఖ తీసుకెళితే అక్కడి డాక్టరుగారు ‘ఇంతకుముందు యాంటీబాడీలు ఉన్నాయని ఎవరైనా చెప్పారా, కాగితం ఉందా’ అని అడిగారు. మా దగ్గర ఏ కాగితమూ లేదు. బాబుకి చెడ్డ రక్తం ఎక్కించారా?
ఒక తల్లి, గుణుపురం

జవాబు: అమ్మా, మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే అది చెడ్డ రక్తం కాకపోవచ్చు. ఇంకొకరికి ఎక్కిస్తే హాయిగా పనిచేసే రక్తమే, మీ బాబు ఒంటికి సరిపడలేదు. మనకు తెలిసిన ఎ, బి, ఓ గ్రూపులు, పాజిటివ్, నెగెటివ్ అనేవి ఎర్ర రక్తకణం మీద ఉండే గుర్తుల్లో కొన్ని మాత్రమే. అలాంటి గుర్తులు మూడు వందలకు పైగా ఉన్నాయి. మామూలుగా రక్తం ఇచ్చేటప్పుడు ఎ, బి, ఆర్‌హెచ్ డి (పాజిటివ్, నెగెటివ్ తేల్చేది ఇదే) చూసి, దాత రక్తం రోగి రక్తంతో సరిపడుతుందో లేదో కలిపి చూసే క్రాస్ మ్యాచ్ చేసి ఇస్తారు. ఒకసారో రెండుసార్లో ఎక్కించుకునేవాళ్లలో ఎక్కువమందికి అది చాలు. మీ బాబులా పదేపదే ఎక్కించుకునే పిల్లలకు మిగతా గుర్తుల్లో కొన్ని, ముఖ్యంగా ఆర్‌హెచ్‌లోని సి, ఇ రకాలు, కెల్, కిడ్ అనేవి కొత్తగా కనిపించి, వాటిని పరాయివిగా గుర్తుపట్టి ఎదిరించే యాంటీబాడీలను ఒళ్లు తయారుచేసుకుంటుంది.

అసలు చిక్కు ఆ తర్వాతే వస్తుంది. కొత్తగా రక్తం ఎక్కించకుండా నెలలు గడిస్తే ఈ యాంటీబాడీలు తగ్గిపోతాయి, పరీక్షకు అందనంతగా తగ్గిపోతాయి. అప్పుడు క్రాస్ మ్యాచ్ చేస్తే ఏ తేడా కనబడదు, రక్తం ఇస్తారు, ఆ రోజు పిల్లవాడు బాగానే ఉంటాడు. కానీ ఒంటికి పాత జ్ఞాపకం పోలేదు కదా, అదే గుర్తు మళ్లీ కనిపించేసరికి యాంటీబాడీలు ఒక్కసారిగా పెరిగి, 3 రోజుల నుంచి 14 రోజుల లోపల ఆ కణాల్ని పగలగొట్టేస్తాయి. పచ్చకామెర్లు, నల్లటి మూత్రం, జ్వరం వచ్చేది అందుకే. సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) ఉన్నవాళ్లలో ఒక్కోసారి ఎక్కించిన కణాలతో పాటు సొంత కణాలు కూడా నాశనమవుతాయి, అందుకే హిమోగ్లోబిన్ ముందుకంటే కిందికి పడిపోతుంది. ఇలాంటప్పుడు ‘అయ్యో, తగ్గిపోయింది’ అని కంగారుపడి ఇంకో బ్యాగు ఎక్కిస్తే మంట మీద నెయ్యి పోసినట్టే అవ్వొచ్చు. ముందు డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష (ఎర్ర కణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయేమో చూసేది), యాంటీబాడీ స్క్రీనింగ్ చేయించాలి. విశాఖ డాక్టరుగారు అడిగింది సరైన ప్రశ్నే.

ఇప్పుడు మన సరిహద్దు సంగతి. ఒక పిల్లవాడికి ఎనిమిదో ఏట ఒడిశాలోని ఆసుపత్రిలో యాంటీబాడీ కనిపించిందనుకోండి, ఆ మాట అక్కడి రిజిస్టరులో ఉండిపోతుంది. పదకొండో ఏట ఆంధ్రాలో పరీక్ష చేస్తే కనబడదు. అక్కడి ల్యాబు తప్పూ లేదు, ఇక్కడి ల్యాబు తప్పూ లేదు, ఆ సంగతి గుర్తుంచుకునేది కాగితం ఒక్కటే, అది మీ చేతిలో లేదు. అందుకే ఈసారి వెళ్లినప్పుడు పట్టుబట్టి ఒక కార్డు రాయించుకోండి. ఇంగ్లీషులోనే రాయించండి, ఎందుకంటే ఇటు ఒడియాలో రాసింది అటు చదవలేరు, అటు తెలుగులో రాసింది ఇటు చదవలేరు. బాబు గ్రూపు, సి, ఇ, కెల్ రకాల వివరం, ఏ యాంటీబాడీ దొరికితే దాని పేరు, ఏ తేదీన ఎక్కడ ఎక్కించారు, ఇవన్నీ అందులో ఉండాలి. లామినేషన్ చేయించి, ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనన్నా ఉంచుకోండి. ఈ పత్రిక చదువుతున్న వేరే తల్లిదండ్రులకు కూడా ఒక మాట: ఇంకా ఒక్కసారి కూడా రక్తం ఎక్కించని సికిల్ సెల్, తలసేమియా పిల్లలు ఉంటే ఈ వివరమైన గ్రూపింగ్ ముందే చేయించండి. ఒకసారి ఎక్కించాక మూడు నెలల దాకా దాత కణాలు కలిసి ఉండి మామూలు పరీక్షలో ఫలితం తికమకగా వస్తుంది.

ఇంకొకటి, సికిల్ సెల్ పిల్లలకు హిమోగ్లోబిన్ 7, 8 దగ్గర ఉండటం మామూలే. మామూలు ఎర్ర కణం దాదాపు 120 రోజులు బతికితే, వీళ్లది 10 నుంచి 20 రోజులే బతుకుతుంది, కాబట్టి అంకె ఎప్పుడూ తక్కువే. ఆ అంకెను చూసి, లేదా మామూలు ఒళ్లు నొప్పులకు రక్తం ఎక్కించమని అడగకండి. పక్షవాతం, జబ్బు ఊపిరితిత్తులకు సోకడం, ప్లీహంలో రక్తం నిలిచిపోవడం, ఒక్కసారిగా బాగా పడిపోవడం, పెద్ద ఆపరేషన్లు, ఇలాంటివాటికి కావాలి. అప్పుడు కూడా 10 దాటకుండా చూస్తారు, దాటితే రక్తం చిక్కబడి నాళాల్లో ఆగుతుంది. హైడ్రాక్సీయూరియా అనే మందు వాడుతున్నారో లేదో మీరు రాయలేదు. వాడకపోతే మీ డాక్టరుగారిని అడగండి, చాలామంది పిల్లల్లో నొప్పులూ తగ్గుతాయి, రక్తం ఎక్కించాల్సిన అవసరమూ తగ్గుతుంది. ఎన్నో బ్యాగులు ఎక్కించుకున్న పిల్లలకు ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష కూడా కావాలి, ఒక్కో బ్యాగుతో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది, దాన్ని బయటికి పంపే దారి మన ఒంటికి లేదు. సికిల్ సెల్, తలసేమియా, హిమోఫీలియా ఉన్నవాళ్లకు బదులు రక్తం (తీసుకున్నదానికి మారుగా ఇంటివాళ్లు ఇచ్చేది) అడగకుండా ఉచితంగా ఇవ్వాలని జాతీయ మార్గదర్శకాల్లో ఉంది, మొహమాటపడకుండా ఆ మాట చెప్పండి. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏళ్ల లోపువాళ్లకు పరీక్షలు చేస్తున్నారు, బాబు అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ చేయించండి.

ప్రశ్న: అమ్మకు గర్భసంచి ఆపరేషన్. నాదీ మా తమ్ముడిదీ అమ్మ గ్రూపే, ఇద్దరం రక్తం ఇస్తామన్నాం. బ్లడ్ బ్యాంకువాళ్లు ‘మీ రక్తం తీసుకుంటాం గానీ అమ్మకు వేరేవాళ్లది ఇస్తాం’ అన్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్ల రక్తం కంటే కడుపున పుట్టినవాళ్లది మంచిది కాదా? మా చుట్టాలందరూ గొడవపడ్డారు.
ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: తమ్ముడూ, మీ ప్రేమ అర్థమైంది, కానీ ఈ విషయంలో బ్లడ్ బ్యాంకువాళ్లే కరెక్టు. దగ్గరి రక్తసంబంధీకుల రక్తంలో ఉండే తెల్లకణాలు రోగి కణాలకు చాలావరకు పోలి ఉంటాయి. దాంతో రోగి ఒళ్లు వాటిని పరాయివని గుర్తుపట్టక లోపలికి రానిస్తుంది. అవి మాత్రం రోగి ఒంటిని పరాయిదనే చూస్తాయి. చర్మం, పేగులు, కాలేయం, చివరికి ఎముక మూలుగ మీదే దాడి చేస్తాయి. చాలా అరుదు, కానీ వస్తే బతికేవాళ్లు పదిమందిలో ఒకరు కూడా కష్టం. దాన్ని ఆపాలంటే రక్తాన్ని రేడియేషన్ యంత్రంలో పెట్టి ఇవ్వాలి, ఆ యంత్రం అన్ని ఊళ్లలోనూ ఉండదు. ముక్కూ మొహం తెలియని మనిషి రక్తం ఇక్కడ మేలు.

ఇంకో సంగతి కూడా నా అనుభవంలో చాలాసార్లు చూశాను. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ‘నువ్వే ఇవ్వాలి’ అంటే, పోయిన నెల మలేరియా వచ్చిన అల్లుడు కూడా ఆ మాట దాచేసి కుర్చీలో కూర్చుంటాడు. మన కొండ జిల్లాల్లో మలేరియా సంగతి మీకు చెప్పక్కర్లేదు, తగ్గాక 3 నెలల దాకా రక్తం ఇవ్వకూడదు. ప్రతి బ్యాగుకీ హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి, నిజమే, కానీ జబ్బు అంటిన మొదటి రోజుల్లో ఏ పరీక్షకీ దొరకదు. ఆ సందును మూసేది దాత చెప్పే నిజమే. ఎవరి బలవంతమూ లేకుండా, ఏటా రెండు మూడుసార్లు వచ్చి ఇచ్చి వెళ్లే మనిషి అబద్ధం ఆడాల్సిన అవసరం లేదు, అందుకే ఆ రక్తం అన్నిటికంటే భద్రం. భార్యకు భర్త రక్తం కూడా ఇంకా పిల్లలు కావాలనుకునే వయసులో వద్దు, ఆమె ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు రేపు కడుపులో బిడ్డకు తగులుతాయి.

ఆసుపత్రి గేటు దగ్గర ‘రెండు వేలిస్తే డోనర్‌ని తెస్తా’ అనేవాళ్లు తగిలితే మాత్రం మాట్లాడకుండా వచ్చేయండి. 1996 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక 1998 జనవరి 1 నుంచి డబ్బు కోసం రక్తం ఇవ్వడం దేశమంతటా నిషేధం. ఆసుపత్రి తీసుకునేది పరీక్షలకూ నిల్వకూ అయ్యే ప్రాసెసింగ్ చార్జీ మాత్రమే, దానికి రసీదు అడిగి తీసుకోండి.

ప్రశ్న: మా మామయ్యగారికి చిన్న ఆసుపత్రిలో రక్తం ఎక్కించాలంటే పర్లాకిమిడి నుంచి మేమే బైకు మీద తెచ్చాం. ఎండ ఎక్కువని సంచిలో ఐసు ముక్కలు నింపి, మధ్యలో బ్యాగు పెట్టాం. తీరా వచ్చాక అంత చల్లటిది ఎలా ఎక్కిస్తారని వేడినీళ్ల గిన్నెలో పెట్టబోతే నర్సమ్మ కేకలేసింది.
కాశీనగర్ నుంచి

జవాబు: నర్సమ్మకు దణ్ణం పెట్టండి. ఎర్ర కణాలు 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉండాలి. ఐసుకు నేరుగా తగిలి గడ్డకడితే కణాలు పగిలిపోతాయి, వేడినీళ్లలో పెడితే కూడా పగిలిపోతాయి, పైకి మాత్రం బ్యాగు అంతే ఎర్రగా కనబడుతుంది. పగిలిన కణాలు ఎక్కిస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. థర్మాకోల్ పెట్టెలో అడుగున ఐస్ ప్యాక్, దాని మీద మందపాటి అట్టో గుడ్డో, ఆపైన బ్యాగు, అలా తేవాలి. మధ్యలో టీ కోసం ఆగొద్దు, ఇంటి ఫ్రిజ్జులో పెట్టొద్దు. ఫ్రిజ్ నుంచి తీశాక అరగంటలో మొదలుపెట్టాలి, మొదలుపెట్టాక 4 గంటల్లో పూర్తవ్వాలి, ఆలస్యమైతే సూక్ష్మక్రిములు పెరుగుతాయి. నెమ్మదిగా ఎక్కించే మామూలు రక్తాన్ని వేడి చేయాల్సిన పని అసలు లేదు. అదే పైపులో గ్లూకోజ్ కూడా వదలమని అడిగేవాళ్లున్నారు, వద్దు, రక్తంతో పాటు మామూలు సెలైన్ ఒక్కటే.

ప్రశ్న: మా చెల్లికి పురుడు అయి నెల. హిమోగ్లోబిన్ 8.2. మనిషి నీరసంగా ఉంది. ఒక్క బ్యాగు ఎక్కిస్తే బలం వస్తుందని అడిగితే డాక్టరు ఒప్పుకోవట్లేదు, మందులు రాసి పంపేశారు.
ఒక అక్క, రాయగడ

జవాబు: బలం కోసం రక్తం అనే అలవాటు మన వైపు బాగా ఉంది, దాన్ని మానుకోవాలి. ఒక బ్యాగు ఎర్ర కణాలు ఎక్కిస్తే పెద్దవాళ్లలో పెరిగేది సుమారు 1 గ్రాము. మీ చెల్లి 8.2 నుంచి 9.2కి వస్తుంది, అంతే, దానికోసం యాంటీబాడీల ముప్పు, జబ్బుల ముప్పు నెత్తికెత్తుకోవడం ఎందుకు? గుండె జబ్బు లేకుండా, రక్తస్రావం ఆగి, మనిషి నిలకడగా ఉన్నప్పుడు 7 కంటే తగ్గితేనే ఎక్కించడం గురించి ఆలోచిస్తారు. నెమ్మదిగా రక్తం తగ్గినవాళ్లకు గబగబా ఎక్కిస్తే గుండె మీద బరువు పడి ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం కూడా ఉంది. ఐరన్ మాత్రలు టీతో కాకుండా వేసుకోమనండి, హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా 3 నెలలు వాడాలి. మాత్రలు పడకపోతే నరానికి ఇచ్చే ఐరన్ ఇంజెక్షన్లు ఉన్నాయి. కొంకి పురుగులకు మందు వేయించారో లేదో అడగండి. కూర్చున్నా ఆయాసం, గుండె దడ, లేదా మళ్లీ రక్తస్రావం ఉంటే మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా తీసుకెళ్లండి, అప్పుడు లెక్క వేరు.

ప్రశ్న: కాలేజీ క్యాంపులో నా గ్రూపు ఓ నెగెటివ్ అన్నారు. బ్లడ్ బ్యాంకులో ఇస్తే ఓ పాజిటివ్ అన్నారు. ఏది నిజం? టెన్షన్‌గా ఉంది.
డిగ్రీ విద్యార్థిని, బరంపురం

జవాబు: టెన్షన్ వద్దమ్మా. క్యాంపులో గాజుపలక మీద చూస్తారు, బ్లడ్ బ్యాంకులో ఇంకా లోతుగా చూస్తారు. కొందరిలో డి గుర్తు బలహీనంగా ఉంటుంది, పలక మీద కనబడదు. అలాంటివాళ్లు రక్తం ఇచ్చేటప్పుడు పాజిటివ్‌గానే లెక్క, తీసుకునేటప్పుడు, అందులోనూ ఆడపిల్లలైతే, నెగెటివ్‌గా చూడటం క్షేమం. బ్లడ్ బ్యాంకులో ‘వీక్ డి’ అని రాసి ఇవ్వమని అడుగు. ఒకవేళ నిజంగా నెగెటివ్ అని తేలితే, రేపు పెళ్లయి పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటల్లోపు యాంటీ డి ఇంజెక్షన్ చేయించుకోవాలని గుర్తుపెట్టుకో.

ఓ గ్రూపు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. 1952లో బొంబాయిలో భెండే అనే డాక్టరు, ఆయన సహచరులు ఒక వింత గ్రూపును ప్రకటించారు, పైకి ఓ లాగే కనిపిస్తుంది గానీ ఓ రక్తం కూడా సరిపడదు. దాన్నే బాంబే గ్రూపు అంటాం. కణాలతో పాటు సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) పరీక్ష కూడా చేస్తేనే బయటపడుతుంది. అందుకే ఏ కార్డు మీద ఏమున్నా, ఎక్కించే ముందు ప్రతిసారీ కొత్తగా పరీక్ష చేస్తారు, చేయనివ్వాలి.

ప్రశ్న: మా నాన్నగారికి రక్తం ఎక్కించే ముందు నర్సు ఆయన పేరు ఏకంగా నాలుగుసార్లు అడిగింది. బ్యాగు మీదదీ, కేసు షీటు మీదదీ, చేతికున్న పట్టీ మీదదీ చదివి మళ్లీ ఇంకో నర్సును పిలిచి చదివించింది. నాన్నగారికి విసుగొచ్చి కోప్పడ్డారు. అంత అవసరమా?
ఒక పాఠకుడు, జయపురం

జవాబు: అవసరమే. నాకు తెలిసి రక్తం విషయంలో ప్రాణాలు పోయే పొరపాట్లలో చాలావాటికి కారణం పరీక్షలు కావు, పేర్లు.

మన వైపు ఇది ఇంకా తేలిగ్గా జరుగుతుంది. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు, ఒడియావాళ్లకు చివర. రాసేవాళ్లు ఒకరోజు అలా రాస్తారు, ఇంకోరోజు ఇలా. ఒకే మనిషి ఇద్దరవుతారు, ఇద్దరు మనుషులు ఒకరవుతారు. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒకచోట ఒకే వార్డులో ఇద్దరు లక్ష్మిలు ఉన్నారు, వయసులు కూడా దగ్గర దగ్గరే. ఇద్దరి దగ్గరా రక్తం తీసి, మంచం దగ్గర కాకుండా టేబుల్ దగ్గరికొచ్చి ట్యూబుల మీద పేర్లు అంటించారు. ఒకరి గ్రూపు మా దగ్గర పాత రికార్డులో బి అని ఉంది, కొత్త ట్యూబులో ఎ అని వచ్చింది. మా టెక్నీషియన్ బ్యాగు ఇవ్వనన్నాడు, మళ్లీ శాంపిల్ పంపమన్నాడు. వార్డు నుంచి ఫోన్ల మీద ఫోన్లు, చుట్టాలు కౌంటర్ దగ్గర అరుపులు. అతను కదల్లేదు. రెండో శాంపిల్ బి వచ్చింది. నాకు ఆ రోజు చేతులు వణికాయి, ఇప్పటికీ తలుచుకుంటే అలాగే ఉంటుంది.

ఎందుకంత భయమంటే, ఎ, బి గుర్తుల మీద యాంటీబాడీలు మనకు చిన్నప్పటి నుంచే సిద్ధంగా ఉంటాయి, ముందు ఎప్పుడూ రక్తం ఎక్కించుకోకపోయినా సరే. కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో వియన్నాలో బయటపెట్టింది ఇదే. అంతకుముందు ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కిస్తే కొందరు బతికేవాళ్లు, కొందరు పోయేవాళ్లు, ఎందుకో తెలిసేది కాదు. తప్పు గ్రూపు కొన్ని మిల్లీలీటర్లు వెళ్లినా ఆ క్షణం నుంచే కణాలు పగలడం మొదలవుతుంది.

అందుకే మొదటి 15 నిమిషాలు నెమ్మదిగా ఎక్కిస్తూ మనిషిని చూస్తూ ఉంటారు. ఆ సమయంలో మీలో ఒకరు మంచం పక్కనే కూర్చోండి, ఫోను జేబులో పెట్టి నాన్నగారి ముఖం చూడండి. చలి, వణుకు, సూది గుచ్చిన చోట మంట, నడుములో నొప్పి, ఆయాసం, ఒంటి మీద దద్దుర్లు, లేదా ‘నాకేదోలా ఉంది’ అనే ఒక్క మాట, ఏది వచ్చినా వెంటనే నర్సును కేకేయండి. రక్తం ఆపి, సెలైన్ ఉంచి, డాక్టర్ని పిలుస్తారు. ఆ బ్యాగును పారేయనివ్వకండి, పైపుతో సహా బ్లడ్ బ్యాంకుకు తిరిగి వెళ్లాలి, ఏం జరిగిందో చెప్పేది అదే.

ఈసారి ఆయన పేరు అడిగినప్పుడు మీరు పక్క నుంచి అందించకండి, ‘మీరు ఫలానా కదా’ అని ఎవరైనా అంటే ఊఁ అనిపించకండి. ఆయన చేతే పూర్తి పేరు, తండ్రి పేరు, వయసు చెప్పించండి. వినికిడి తక్కువైతే పట్టీ మీద నంబరునూ బ్యాగు మీద నంబరునూ మీరే ఒక్కో అంకె పైకి చదవండి. నాన్నగారి పేరు కేసు షీటులో ఇంటిపేరు ముందుందో వెనకుందో ఆసుపత్రిలో చేరిన రోజే చూసి, ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి.